చిన్న సంస్థల్లో ఉద్యోగుల నిర్వహణ: చట్టానికి నిలబడే రికార్డు ఎలా తయారవుతుంది

ఓవర్‌టైం సొమ్ము అందలేదని ఒక ఉద్యోగి కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తే, విచారణకు వచ్చిన అధికారి ముందుగా అడిగేవి హాజరు రిజిస్టరు, వేతనాల రిజిస్టరు, నియామక పత్రం. ఈ మూడూ సరిగ్గా ఉన్న చోట చాలా వివాదాలు మొదటి విచారణలోనే తేలిపోతాయి. అవి లేని చోట, యజమాని ఎంత నిజాయితీగా జీతాలు ఇచ్చి ఉన్నా ఆ సంగతి నిరూపించుకునే దారి ఉండదు. రికార్డు ఉంచే బాధ్యతను చాలా దేశాల చట్టాలు యజమాని మీదే పెట్టాయి కాబట్టి, అది లేకపోవడం వల్ల వచ్చే నష్టం కూడా మామూలుగా యజమానికే చుట్టుకుంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే అండర్సన్ వర్సెస్ మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో ఈ సంగతిని తేల్చి చెప్పింది. పని గంటల రికార్డును యజమాని సరిగ్గా ఉంచనప్పుడు, ఉద్యోగి తాను చేసిన పనిని సహేతుకమైన అంచనాతో చూపిస్తే చాలునని, దాన్ని తప్పని రుజువు చేసే భారం యజమానిదేనని ఆ తీర్పు సారాంశం.

పెద్ద కంపెనీల్లో ఈ పనికి ప్రత్యేక విభాగం, న్యాయ సలహాదారులు, ఏటా ఆడిట్ ఉంటాయి. పదిమందో ఇరవైమందో పనిచేసే సంస్థలో ఆ పని యజమాని మీదో, లెక్కలు చూసే గుమాస్తా మీదో, ఆఫీసు వ్యవహారాలన్నీ చూసుకునే ఒక్క మనిషి మీదో పడుతుంది. అక్కడ ఎవరికి ఎంత జీతానికి ఒప్పుకున్నారు, ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవరిని ఏ తప్పుకు ఎప్పుడు మందలించారు అన్న వివరాలు చాలావరకు యజమాని జ్ఞాపకంలోనో, ఫోనులోని సందేశాల్లోనో ఉంటాయి. చిన్న సంస్థలు చట్టాన్ని ఉల్లంఘించిన సందర్భాలను పరిశీలిస్తే, దురుద్దేశం కంటే ఈ అలవాటే ఎక్కువసార్లు కారణంగా కనిపిస్తుంది. అందుకే చట్టబద్ధత, క్రమబద్ధత అనే రెండింటినీ వేరువేరు పనులుగా చూడకూడదు. జరిగిన విషయాన్ని జరిగిన రోజునే కాగితం మీద పెట్టే అలవాటు ఉన్న సంస్థకు చట్టం అడిగేవాటిలో సగానికి పైగా చేతిలోనే ఉంటాయి. ఆ అలవాటు లేని సంస్థ ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా, ఎంత లావుపాటి నిబంధనావళి అచ్చువేయించినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఎంతమంది ఉంటే ఏ చట్టం

చిన్న యజమానులను ఎక్కువగా తికమక పెట్టేది ఉద్యోగుల సంఖ్యను బట్టి వర్తించే నిబంధనలు. అమెరికాలో జాతి, మతం, లింగం ఆధారంగా ఉద్యోగంలో వివక్షను నిషేధించే 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ భాగం 15 మంది ఉద్యోగులున్న సంస్థల నుంచి వర్తిస్తుంది. వయసు ఆధారిత వివక్షకు సంబంధించిన చట్టం 20 మంది నుంచి, కుటుంబ, వైద్య సెలవుల చట్టం 50 మంది నుంచి వర్తిస్తాయి. భారతదేశంలో ఈఎస్ఐకి, గ్రాట్యుటీకి 10 మంది, ప్రావిడెంట్ ఫండ్‌కు 20 మంది అన్నవి ప్రధానమైన హద్దులు. ఇలాంటి మెట్లు ప్రతి దేశంలోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి.

ఈ సంఖ్యలను చదివి, మనం ఇంకా చిన్నవాళ్లమే కాబట్టి ఏదీ వర్తించదు అనుకోవడం మొదటి పొరపాటు. వేతనం సకాలంలో చెల్లించడం, కనీస వేతనం కంటే తగ్గించకపోవడం, బాలలను పనిలో పెట్టుకోకపోవడం వంటి మౌలిక బాధ్యతలు చాలా చోట్ల మొదటి ఉద్యోగి చేరిన రోజు నుంచే మొదలవుతాయి. పైగా ఒక చట్టం పూర్తిగా వర్తించనప్పుడు దానికి బదులు మరో ఏర్పాటు ఉండవచ్చు. భారతదేశంలో పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు చేసిన 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. అంతకంటే తక్కువమంది ఉన్న చోట పనిచేసే మహిళ జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆరోపణ యజమాని మీదే అయినప్పుడు కూడా అదే మార్గం. కమిటీ అవసరం లేదన్నంత మాత్రాన చట్టమే లేదని అర్థం కాదు.

హద్దు దాటిన తర్వాత మళ్లీ వెనక్కి రావడం కూడా అంత సులభం కాదు. భారతదేశపు సామాజిక భద్రతా చట్టాల్లో, ఒకసారి వర్తించిన నిబంధన ఆ తర్వాత ఉద్యోగుల సంఖ్య తగ్గినా కొనసాగుతుంది. కాబట్టి ఒక సంస్థలో తొమ్మిదో మనిషి ఉన్నప్పుడే పదో మనిషి చేరితే ఏమేమి మారతాయో తెలుసుకుని ఉండాలి. ప్రతి నియామకానికి ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం, ఆ రోజున ఉన్న ఉద్యోగుల సంఖ్యను, అందులో తాత్కాలికులను, పాక్షిక సమయం పనిచేసేవారిని, కాంట్రాక్టు ద్వారా వచ్చినవారిని లెక్కించిన పద్ధతిని రాసి ఉంచుకోవడం పది నిమిషాల పని. లెక్కలోకి ఎవరు వస్తారు అన్నది చట్టాన్ని బట్టి మారుతుంది గనుక, ఒక చట్టానికి చేసిన లెక్కను మరో చట్టానికి వాడకూడదు.

చట్టాలు మారుతూ ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. భారతదేశంలో 29 కార్మిక చట్టాలను కలిపి 2019, 2020 సంవత్సరాల్లో పార్లమెంటు ఆమోదించిన నాలుగు స్మృతులు (లేబర్ కోడ్లు) 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అనే మాటకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మినహాయింపు పొందే భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే ఆ మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. మూల వేతనాన్ని తక్కువగా చూపి భత్యాలను పెంచే పాత పద్ధతిలో తయారైన జీతాల పట్టికను అలాగే కొనసాగించే సంస్థ, తనకు తెలియకుండానే వేతనాన్ని బట్టి కట్టే ప్రావిడెంట్ ఫండ్ వంటివాటికి ప్రతి నెలా తక్కువ చందా కడుతున్నట్టు అవుతుంది. ఏడాదికి రెండుసార్లయినా కార్మిక శాఖ వెబ్‌సైటును చూసి, అవసరమైన చోట కార్మిక చట్టాలు తెలిసిన సలహాదారుతో మాట్లాడి, ఆ సమీక్ష జరిగిన తేదీని నమోదు చేయడం ఇందుకే అవసరం.

ఉద్యోగి ఎవరు

నెలనెలా ఒకే సంస్థకు, ఆ సంస్థ చెప్పిన వేళల్లో, ఆ సంస్థ ఇచ్చిన పరికరాలతో, ఆ సంస్థ పర్యవేక్షణలో పనిచేసే మనిషిని ఒప్పందంలో స్వతంత్ర కాంట్రాక్టరు అని రాసినంత మాత్రాన అతను ఉద్యోగి కాకుండా పోడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన 198వ సిఫారసు, ఉద్యోగ సంబంధం ఉందా లేదా అన్నది కాగితంలో రాసిన పేరును బట్టి కాక పని నిజంగా ఎలా జరుగుతోంది, ప్రతిఫలం ఎలా అందుతోంది అన్న వాస్తవాలను బట్టి తేల్చాలని చెబుతుంది. వివిధ దేశాల న్యాయస్థానాలు పెట్టే పరీక్షల్లో తేడాలున్నా, పనిపై అదుపు ఎవరిది, లాభనష్టాల బాధ్యత ఎవరిది, ఆ మనిషి వేరే చోట కూడా పనిచేయగలడా అన్న ప్రశ్నలు దాదాపు ప్రతి చోటా వినిపిస్తాయి.

ఈ విషయంలో తప్పు జరిగితే దాని ప్రభావం ఒక్క ఉద్యోగితో ఆగదు. పన్ను కోత, సామాజిక భద్రత చందాలు, సెలవులు, ఓవర్‌టైం, పైన చెప్పిన తలల లెక్క అన్నీ ఒకేసారి తలకిందులవుతాయి, అదీ గడిచిన సంవత్సరాలకు కలిపి. ఖర్చు తగ్గుతుందనే ఒకే కారణంతో మనుషులను కాంట్రాక్టర్లుగా చూపడం చిన్న సంస్థ చేయగల అత్యంత ప్రమాదకరమైన పొదుపు. అలాంటి మనిషికి జబ్బు చేసినా, పనిలో గాయమైనా బీమా రక్షణ ఉండదన్న సంగతి ఆలోచిస్తే, చట్టం దీన్ని ఇంత గట్టిగా పట్టించుకోవడం న్యాయమేనని అర్థమవుతుంది.

నియామక పత్రం

నోటిమాటతో చేర్చుకోవడం చిన్న సంస్థల్లో చాలా మామూలు. తెలిసినవారి సిఫారసుతో వచ్చిన మనిషికి పత్రం ఇవ్వడం నమ్మకం లేకపోవడంగా కనిపిస్తుందేమోనని కొందరు యజమానులు వెనకాడతారు. నిజానికి పత్రం ఇద్దరినీ కాపాడుతుంది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఉద్యోగ షరతుల లిఖిత వివరణను పనిలో చేరిన మొదటి రోజుకల్లా పొందడం హక్కుగా మారింది. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఆదేశం ప్రకారం ముఖ్యమైన షరతులను పని మొదలైన 7 రోజుల్లోపు, మిగిలినవాటిని నెలలోపు రాతపూర్వకంగా ఇవ్వాలి.

పత్రంలో ఉండవలసినవి ఉభయపక్షాల పేర్లు, పని స్వభావం, పనిచేసే చోటు, చేరే తేదీ, వేతనం, అందులోని భాగాలు, చెల్లించే రోజు, పని వేళలు, సెలవులు, ప్రొబేషన్ కాలం, ఉభయులూ ఇవ్వవలసిన నోటీసు వ్యవధి. ఇవన్నీ రెండు పేజీల్లో సరిపోతాయి. అసలు చిక్కు మరో చోట వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాను, అది ఏ దేశపు చట్టానికి రాసినదో చూడకుండా, పేరు మార్చి సంతకం చేయించే అలవాటు చాలా చోట్ల ఉంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో యజమాని ఎప్పుడైనా, నోటీసు లేకుండా ఉద్యోగం నుంచి తొలగించవచ్చన్న సూత్రం ఉంది. ఆ వాక్యాన్ని అలాంటి సూత్రమే లేని దేశంలోని నియామక పత్రంలో పెడితే అది చెల్లదు సరికదా, మిగతా పత్రం మీద కూడా అనుమానం కలిగిస్తుంది. చట్టం ఇచ్చిన హక్కును ఒప్పందంతో తీసివేయడం సాధారణంగా కుదరదు.

నియామకానికి ముందు జరిగే ఎంపికకు కూడా రికార్డు కావాలి. ఆ ఉద్యోగానికి ఏ అర్హతలు అవసరమో ముందే రాసుకుని, అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు అడిగి, ఒకరిని ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో నమోదు చేస్తే, తర్వాత వివక్ష ఆరోపణ వచ్చినప్పుడు జవాబు సిద్ధంగా ఉంటుంది. పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు అన్న ప్రశ్నలు కుశల ప్రశ్నల్లా అనిపించవచ్చు. వాటికీ పనికీ సంబంధం లేదు గనుక అడగకపోవడమే సరైనది.

పని గంటలు, వేతనం

కార్మిక వివాదాల్లో అధిక భాగం చివరికి ఈ రెండింటి దగ్గరికే చేరతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఏర్పడిన వెంటనే చేసిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమల్లో పని వేళలను రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేయడం గురించే. నూరేళ్ల తర్వాత, 2019 మే 14న, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒక తీర్పు ఇస్తూ, ప్రతి ఉద్యోగి రోజువారీ పని సమయాన్ని కొలిచే నిష్పాక్షికమైన, నమ్మదగిన, అందుబాటులో ఉండే వ్యవస్థను యజమానులు ఏర్పాటు చేసేలా సభ్యదేశాలు చూడాలని చెప్పింది. గంటలు లెక్కపెట్టకుండా గంటల మీద ఉన్న హక్కును కాపాడలేమన్నది ఆ తీర్పులోని వాదన, అది కాదనలేనిది.

హాజరు రిజిస్టరులో వచ్చినవారికి ఒక గుర్తు, రానివారికి మరో గుర్తు పెట్టి సరిపెట్టే పద్ధతి ఇందుకు చాలదు. వచ్చిన సమయం, వెళ్లిన సమయం, మధ్యలో విరామం విడివిడిగా ఉండాలి. ప్రతి రోజూ ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరుకు వెళ్లినట్టు నెలంతా ఒకే వరుసలో, ఒకే సిరాతో నింపిన రిజిస్టరును చూడగానే అది నెలాఖరున కూర్చుని రాసినదని అనుభవమున్న అధికారి గుర్తుపడతాడు. ఉద్యోగి ఇంటికి వెళ్లాక ఫోనులో చేసిన పని, పొద్దున్నే దుకాణం తెరవడానికి ముందు చేసిన ఏర్పాట్లు, తప్పనిసరిగా హాజరు కావలసిన శిక్షణ, ఒక పని చోటు నుంచి మరో పని చోటుకు వెళ్లే ప్రయాణం వంటివి పని సమయంలోకి వస్తాయా రావా అన్నది ఆయా చట్టాలను చూసి ముందే తేల్చుకుని, అందరికీ ఒకే విధంగా అమలు చేయాలి.

ఓవర్‌టైం రేటు విషయంలో దేశాల మధ్య తేడా పెద్దది. అమెరికాలో 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం వారానికి 40 గంటలు దాటిన పనికి మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు చెల్లించమంటుంది. భారతదేశంలో అది రెట్టింపు. ఇక్కడ రెండు అపోహలు తరచు ఎదురవుతాయి. నెల జీతం తీసుకునేవారికి ఓవర్‌టైం ఉండదన్నది ఒకటి. మేనేజర్ అనే హోదా ఇస్తే చట్టం నుంచి మినహాయింపు దొరుకుతుందన్నది రెండోది. మినహాయింపులు ఉన్నాయి, అయితే అవి ఆ మనిషి నిజంగా చేసే పనిని బట్టి, కొన్ని చోట్ల జీతం స్థాయిని బట్టి కూడా ఉంటాయి. కింద ఎవరూ లేని, ఏ నిర్ణయమూ తీసుకోలేని మేనేజర్ ఈ పరీక్షలో నిలబడడం కష్టం.

జీతంతో పాటు పే స్లిప్ ఇవ్వడం చాలా దేశాల్లో తప్పనిసరి. తప్పనిసరి కాని చోట కూడా ఇవ్వాలి. స్థూల వేతనం, ఒక్కో కోత, చేతికి వచ్చిన మొత్తం, ఏ కాలానికి చెల్లించారు అన్నవి అందులో ఉంటే, లెక్కలో తప్పు దొర్లినప్పుడు ఉద్యోగి అదే నెలలో పట్టుకుని చెప్పగలడు. మూడేళ్లు పేరుకుపోయిన తప్పును సరిచేయడం కంటే నెల నాటి తప్పును సరిచేయడం ఇద్దరికీ మేలు. కోతల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 1949 నాటి వేతన రక్షణ ఒడంబడిక స్ఫూర్తితో అనేక దేశాల చట్టాలు, యజమాని తనకు తోచినట్టు జీతం కోయడాన్ని నిషేధించి, అనుమతించిన కోతలను జాబితాగా ఇచ్చాయి. వస్తువు పగిలిందనో, కౌంటరులో నగదు తక్కువ వచ్చిందనో ఆ నెల జీతంలోంచి పట్టుకోవడం యజమానికి సహజంగా తోచవచ్చు. ఉద్యోగి వివరణ తీసుకోకుండా, చట్టం చెప్పిన పరిమితి చూడకుండా అలా చేస్తే అది చెల్లని కోత అవుతుంది.

ఉద్యోగి వాటాగా జీతంలో కోసిన ప్రావిడెంట్ ఫండ్ లేదా బీమా చందాను గడువులోగా జమ చేయకపోవడం వీటన్నిటికంటే తీవ్రమైనది. కోసిన క్షణం నుంచి ఆ సొమ్ము సంస్థది కాదు. నగదు ఇబ్బంది వచ్చిన నెలలో ముందు సరుకు సరఫరాదారుకు ఇచ్చి ఈ చందాను వాయిదా వేయడం, ఉద్యోగి సొమ్మును అతనికి తెలియకుండా అప్పుగా వాడుకోవడమే. చట్టాలు దీన్ని మామూలు ఆలస్యంగా చూడక నేరంగా పరిగణించడం వెనుక ఈ కారణమే ఉంది.

ఫైళ్లు: ఏది ఎక్కడ, ఎంతకాలం

ఒక్కో ఉద్యోగికి ఒక్కో ఫైలు పెట్టి అందులో అన్నీ వేయడం చాలామంది చేసేది. అది సగం మాత్రమే సరైన పద్ధతి. నియామక పత్రం, అర్హత పత్రాలు, జీతం మార్పులు, పనితీరు సమీక్షలు, మెమోలు ఒక ఫైలులో ఉండవచ్చు. ఆరోగ్యానికి సంబంధించిన కాగితాలు దానికి వేరుగా, తాళం వేసిన చోట ఉండాలి. అమెరికాలో వికలాంగుల హక్కుల కోసం 1990లో చేసిన చట్టం వైద్య సమాచారాన్ని ప్రత్యేక ఫైలులో గోప్యంగా ఉంచాలని స్పష్టంగా చెబుతుంది. ఆ నిబంధన లేని చోట కూడా ఇందులోని తర్కం నిలుస్తుంది: పదోన్నతి నిర్ణయించే మనిషి చేతికి ఉద్యోగి జబ్బు వివరాలు వెళ్లకపోతే, ఆ వివరాల వల్లే పదోన్నతి ఆగిందన్న ఆరోపణకు తావు ఉండదు. వేధింపుల ఫిర్యాదులు, వాటి విచారణ పత్రాలు కూడా అలాగే విడిగా ఉండాలి. ఉద్యోగుల గుర్తింపు కార్డుల నకళ్లు, బ్యాంకు వివరాలు ఆఫీసులోని అందరూ చూసే ఫోను గ్రూపుల్లో తిరగడం చిన్న సంస్థల్లో కనిపించే పెద్ద లోపం. దాన్ని ఈ రోజే ఆపవచ్చు.

ఎంతకాలం ఉంచాలన్నది చట్టాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో వేతన పట్టికలను కనీసం 3 సంవత్సరాలు, హాజరు చీటీల వంటి ఆధార పత్రాలను 2 సంవత్సరాలు ఉంచాలి. మరోవైపు, 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ నిబంధనలు, 2023లో భారతదేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని అట్టిపెట్టుకోవడానికి హద్దులు పెడుతున్నాయి. ఎంపిక కాని అభ్యర్థుల దరఖాస్తులు ఏళ్ల తరబడి ఈమెయిలులో పడి ఉండడం ఈ దృష్టితో చూస్తే సమస్యే. కాబట్టి ఒక్కో రకం పత్రానికి ఉంచవలసిన కాలం ఒక పట్టికలో రాసుకుని, ఏడాదికి ఒకసారి గడువు తీరినవాటిని నాశనం చేసి, ఆ పని చేసినట్టు నమోదు చేయాలి. ఒక్క మినహాయింపు ఎప్పుడూ గుర్తుండాలి. ఫిర్యాదో, కేసో, తనిఖీయో నడుస్తున్నప్పుడు లేదా వస్తుందని తెలిసినప్పుడు, దానికి సంబంధించిన ఏ కాగితాన్నీ, ఏ సందేశాన్నీ, గడువు తీరినా సరే, ముట్టుకోకూడదు.

రిటర్నులు, చందాలు, లైసెన్సుల పునరుద్ధరణ గడువులన్నీ ఒకే క్యాలెండరులో ఉండాలి, ఆ క్యాలెండరు కనీసం ఇద్దరికి కనిపించాలి. ఒక్క గుమాస్తా దీర్ఘకాలం సెలవు పెట్టడంతో పాస్‌వర్డులు తెలియక గడువులు దాటిపోవడం అరుదైన సంగతి కాదు.

నిబంధనావళి

ఉద్యోగుల కోసం రాసే నిబంధనావళి విషయంలో చిన్న సంస్థలు సంక్షిప్తతను ఆశ్రయించడం మంచిది. పాటించలేని నిబంధన, రాయని నిబంధన కంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఒకరి మీద ప్రయోగించి మరొకరిని వదిలేసిన రోజున అదే వివక్షకు సాక్ష్యమవుతుంది. పని వేళలు, సెలవుల మంజూరు, జీతం చెల్లింపు, భద్రత, వేధింపుల ఫిర్యాదు, క్రమశిక్షణ, రాజీనామా అనే విషయాలకు ఒక్కో పేజీ చాలు. ఉద్యోగులు చదవగలిగే భాషలో ఉండడం మాత్రం తప్పనిసరి. అర్థం కాని భాషలో ఉన్న పత్రం మీద సంతకం తీసుకుంటే ఆ సంతకానికి విలువ తక్కువ. సెలవుల దగ్గర ముఖ్యంగా, యజమాని మనసును బట్టి ఒకరికి దొరికి మరొకరికి దొరకని పరిస్థితి పనిచోటులో అసంతృప్తికి మూలమవుతుంది. ఎవరికి ఎన్ని మిగిలాయో ప్రతి నెలా పే స్లిప్ మీదే అచ్చువేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఫిర్యాదులు, క్రమశిక్షణ

చిన్న సంస్థలో అందరూ అందరికీ తెలుసు. తరచు యజమాని బంధువులే పర్యవేక్షకులుగా ఉంటారు. ఈ సాన్నిహిత్యం పనికి బలమే, కాని ఫిర్యాదు చేయవలసి వచ్చినవారికి అదే పెద్ద అడ్డంకి. పర్యవేక్షకుడి ప్రవర్తన గురించి అతని అన్నకే చెప్పుకోవలసిన పరిస్థితిలో ఎవరూ నోరు విప్పరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక, పని ప్రపంచంలో హింస, వేధింపుల నుంచి రక్షణను శాశ్వత ఉద్యోగులకే పరిమితం చేయకుండా శిక్షణలో ఉన్నవారికి, ఉద్యోగార్థులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు కూడా విస్తరించింది. ఆ స్ఫూర్తి నిలవాలంటే ప్రతి సంస్థలోనూ యజమాని కుటుంబానికి చెందని మరో మనిషి, కుదరకపోతే సంస్థ బయట నమ్మదగిన ఒకరు ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి, ఆ పేరు అందరికీ తెలియాలి. ప్రభుత్వ యంత్రాంగానికి నేరుగా వెళ్లే హక్కు ఉందన్న సంగతి కూడా గోడ మీద రాసి ఉండాలి.

ఫిర్యాదు అందిన తర్వాత తేదీలే ప్రాణం. పైన చెప్పిన 2013 నాటి భారత చట్టంలో ఫిర్యాదుకు ఘటన జరిగిన నాటి నుంచి 3 నెలల గడువు, విచారణ ముగించడానికి 90 రోజుల గడువు ఉన్నాయి. ఫిర్యాదు ఎప్పుడు అందింది, ఎవరితో మాట్లాడారు, ఏం తేలింది, ఏ చర్య తీసుకున్నారు అన్నవి వరుసగా నమోదై ఉండాలి. ఫిర్యాదు చేసిన మనిషి షిఫ్టు మార్చడం, అదనపు పని ఆపేయడం వంటి చిన్న చిన్న నిర్ణయాలు కూడా ఆ సమయంలో ప్రతీకారంగా కనిపిస్తాయి, చాలాసార్లు నిజంగా ప్రతీకారమే అవుతాయి. అందువల్ల విచారణ ముగిసే వరకు అలాంటి ఏ మార్పుకైనా కారణాన్ని ముందే రాసి, మరొకరితో సరిచూపించుకోవడం మంచిది.

క్రమశిక్షణ మెమోలు రాసేటప్పుడు విశేషణాలను వదిలి వాస్తవాలు రాయాలి. నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తున్నాడు అన్న వాక్యం ఏదీ నిరూపించదు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి రావలసి ఉండగా నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, ముందుగా తెలియజేయలేదు, ఈ నెలలో ఇది మూడోసారి అన్న వాక్యాలు నిరూపిస్తాయి. దాని కింద ఉద్యోగి చెప్పుకున్న జవాబును అతని మాటల్లోనే రాయాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక ప్రకారం ఉద్యోగం నుంచి తొలగించడానికి ఆ ఉద్యోగి సామర్థ్యానికో, ప్రవర్తనకో, సంస్థ నిర్వహణ అవసరాలకో సంబంధించిన చెల్లుబాటయ్యే కారణం ఉండాలి. ప్రవర్తన, పనితీరు కారణాలైనప్పుడు ఆరోపణలకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఏళ్ల పాటు ప్రతి సమీక్షలోనూ పని బాగుందని రాసి, ఒక రోజున హఠాత్తుగా పనితీరు బాగాలేదని తొలగిస్తే ఆ సమీక్షలే యజమానికి వ్యతిరేక సాక్ష్యాలవుతాయి. ఉద్యోగి మనసు నొప్పించకూడదనే మంచి ఉద్దేశంతో రాసిన పొగడ్త చివరికి అతనికీ మేలు చేయదు, ఎందుకంటే సరిదిద్దుకునే అవకాశమే అతనికి రాలేదు.

వెళ్లిపోయేటప్పుడు

రాజీనామా అయినా, తొలగింపు అయినా, చివరి లెక్క త్వరగా తేల్చాలి. భారతదేశపు వేతనాల స్మృతి ఉద్యోగం ముగిసిన తర్వాత రెండు పని దినాల్లో వేతన బకాయి చెల్లించమంటుంది. కాలిఫోర్నియాలో తొలగించిన ఉద్యోగికి ఆ క్షణంలోనే ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఆఫీసులో ఉంచుకుని, వెళ్లేవారిని వాటితో కట్టడి చేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. అది అన్యాయం. సర్టిఫికెట్లను మొదటి రోజునే సరిచూసి, నకలు తీసుకుని, అసలు తిరిగి ఇచ్చేయాలి. రిలీవింగ్ లెటర్‌ను ఆపి ఉంచడం కూడా ఒక మనిషి తర్వాతి జీవనాధారాన్ని ఆపడమే.

జీతాల పనిని బయటి సంస్థకు అప్పగించినా, సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినా బాధ్యత మాత్రం యజమాని దగ్గరే ఉంటుంది. లోపలికి వెళ్లే గంటల లెక్క తప్పయితే బయటికి వచ్చే పే స్లిప్ ఎంత అందంగా అచ్చయినా తప్పే. నెలకు ఒకసారి ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల జీతాన్ని చేత్తో లెక్కగట్టి సరిచూడడం, చందా జమ అయిన రసీదును స్వయంగా చూడడం యజమాని వదులుకోకూడని పనులు.

ఇంతవరకు ఏ రికార్డూ సరిగ్గా లేని సంస్థ ఎక్కడ మొదలుపెట్టాలన్నది మిగిలిన ప్రశ్న. ముందుగా ప్రస్తుత ఉద్యోగులందరి పేర్లు, చేరిన తేదీలు, వేతనాలు, చందా ఖాతాల సంఖ్యలు ఒకే పట్టికలోకి తెచ్చి, ఒక్కొక్కరి చేత వారి వరుసను సరిచూపించాలి. వెంటనే వచ్చే నెల మొదటి తేదీ నుంచి గంటల నమోదు, పే స్లిప్‌లు మొదలవ్వాలి. నియామక పత్రాలు లేనివారికి ఇప్పుడు ఇవ్వాలి, అయితే వాటి మీద ఇప్పటి తేదీనే వేయాలి; అసలు చేరిన తేదీని లోపల ప్రస్తావించాలి. గడిచిన కాలాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత సందేశాలు, ఉద్యోగుల దగ్గరున్న వివరాల ఆధారంగా పునర్నిర్మించవచ్చు, అలా చేసినట్టు, ఏ ఆధారాలతో చేసినట్టు ఆ పత్రం మీదే రాయాలి. బకాయిలు బయటపడితే లెక్కగట్టి చెల్లించాలి, చందాల ఆలస్యాన్ని సంబంధిత కార్యాలయానికి తానే తెలిపి సరిచేసుకోవాలి. పాత తేదీలు వేసి రిజిస్టర్లు కొత్తగా రాయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు: రికార్డు లేకపోవడం చాలావరకు జరిమానాతో పోతుంది, దొంగ రికార్డు క్రిమినల్ కేసు దాకా వెళుతుంది, ఆ తర్వాత ఆ సంస్థ చూపే నిజమైన కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు.